తుల్జమ్మ నవ్విన మూడు సెకన్లు

1996 మార్చిలో ఒక కొత్త డైలీ సీరియల్ ట్రైలర్ పని మీద నన్ను నారాయణఖేడ్ పంపించారు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు ఛానెల్లో ప్రోమో విభాగానికి ఇన్‌ఛార్జిని. వినడానికి పెద్ద హోదాలాగే ఉంటుంది. నా కింద ఉన్నది మాత్రం ఇద్దరు ఎడిటర్లు, ఒక కెమెరామన్, వార్తల వాళ్లు వదిలేసిన రోజున మాకు దొరికే ఒక కారు. అంతకుముందు పదేళ్లు సినిమా ఎడిటింగ్ గదుల్లో సహాయకురాలిగా పనిచేశాను. ఫిల్మ్ ముక్కలు అతికించడం అక్కడే నేర్చుకున్నాను.

బయటి జనం ట్రైలర్ అంటారు, మేము ప్రోమో అంటాం. సీరియల్ తీసేవాళ్లు వేరు, దాన్ని జనం దగ్గరికి తీసుకుపోయేవాళ్లు వేరు. మాది రెండో పని. మొదటి ఎపిసోడ్ ప్రసారానికి కొన్ని వారాల ముందు నుంచి, ఉన్న కార్యక్రమాల మధ్య సందుల్లో ముప్పై సెకన్ల ముక్క ఒకటి తిప్పుతూ ఉంటాం. ఆ ముప్పై సెకన్లలో పన్నెండో పదమూడో షాట్లు పడతాయి. చూసేవాడికి కథ తెలిసిపోకూడదు, కానీ ఏదో పెద్ద కథే ఉందని అనిపించాలి. సీరియల్ మొదలైన రోజున ఆ ముక్కను తీసేస్తాం. పెళ్లయ్యాక శుభలేఖలు ఎవరూ పంచరు కదా.

ఆ సీరియల్ పేరు ఇక్కడ అనవసరం. నారాయణఖేడ్ పక్క కంగ్టి వైపు మెట్ట పొలాల్లో బతికే ఒక కుటుంబం కథ అని మాకు చెప్పారు. రచయితది ఆ ప్రాంతమే. నాకు నాలుగు ఎపిసోడ్ల క్యాసెట్లు ఇస్తే కూర్చుని చూశాను. అందరూ పట్టు చీరలు కట్టుకుని మెట్ల మీద నిలబడి మాట్లాడుకుంటున్నారు. మట్టి అన్నది తులసి కోటలో తప్ప ఎక్కడా కనిపించలేదు. సీరియల్ అంతా హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న ఒక బంగళాలోనే తీస్తున్నారు మరి. ఆ మాట మా ప్రోగ్రామింగ్ హెడ్‌తో అన్నాను. ఛానెల్లో ఏది ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఆయనే. సీరియల్లో నేల లేకపోతే ట్రైలర్లోనైనా పెట్టమని, ఖేడ్ వెళ్లి తీసుకురమ్మని ఆయన అన్నారు.

ట్రైలర్‌ను మేము ముందు కాగితం మీద కోస్తాం. ఏ షాట్ తర్వాత ఏ షాట్, దాని మీద ఏ మాట, ఎన్ని సెకన్లు అని వరుసగా రాసుకుంటాం. దాన్ని పేపర్ ఎడిట్ అంటారు. నా పేపర్ ఎడిట్ ఇలా ఉంది. మొదట ఎండిన నేల, దుమ్ము లేపుకుంటూ వచ్చే బస్సు. ఒక పల్లెటూరి ఆడమనిషి బస్సు వైపు చూసి నవ్వుతుంది. వెంటనే చిన్న పిల్లవాణ్ని భుజం మీద ఎక్కించుకుని నవ్వుతూ నడిచివచ్చే కథానాయకుడు. ఇంతవరకూ సన్నాయి. ఉన్నట్టుండి సన్నాయి ఆగిపోతుంది. తలుపు చాటున ఒంటరిగా నిలబడిన కథానాయిక ముఖం. గంభీరమైన గొంతు ఒకటి అడుగుతుంది: మరి ఈమె ఎవరు?

కథానాయకుడు పిల్లవాణ్ని ఎత్తుకున్న షాట్ రెండో ఎపిసోడ్‌లో ఉంది, దాన్ని కోసుకుంటే సరిపోతుంది. కథానాయిక ముఖం మొదటి ఎపిసోడ్‌లో ఉంది. ఇక కావలసింది నేల, బస్సు, ఆ బస్సును చూసే ఆడమనిషి. ఆ ఆడమనిషి సీరియల్లో ఎక్కడా లేదు. మూడు సెకన్లు ట్రైలర్లో కనిపించి పోతుంది. దీన్ని మా వృత్తిలో ఎవరూ మోసం అనుకోరు. ట్రైలర్లో కనిపించిందల్లా సీరియల్లో ఉండాలని నియమం ఏమీ లేదు. మరి ఈమె ఎవరు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం సీరియల్ అయిపోయేదాకా ఎవరూ చెప్పలేదు, అడిగిన వాళ్లూ మెల్లగా మరిచిపోయారు.

నాతో వచ్చింది కెమెరామన్ బాషా, హైదరాబాద్ నుంచి తీసుకొచ్చిన ఒక జూనియర్ ఆర్టిస్టు. మేము వెళ్లేసరికి ఆ వైపు కంది కోతలు అయిపోయాయి. చేలల్లో కంది కట్టె కుప్పలు వేసి ఉంది, నేల నెర్రెలు విచ్చి ఉంది. నేల షాట్లు పొద్దున్నే అయిపోయాయి. ఊళ్లలో మగవాళ్లు పెద్దగా కనిపించలేదు. సిర్గాపూర్ వైపు వాళ్లు హైదరాబాద్ పోయారని, కంగ్టి వైపు వాళ్లు బొంబాయి పోయారని దారిలో అడిగినవాళ్లు చెప్పారు. మా ట్రైలర్ కథనే ఊరు చెబుతున్నట్టుంది అన్నాడు బాషా.

ఖేడ్ బస్టాండ్‌లో మాకు చిక్కు వచ్చింది. జూనియర్ ఆర్టిస్టును పాపం ఏమీ అనలేను, మంచి మనిషే. బస్సు వైపు చూడమంటే, బస్సులో ఇంకో కెమెరా ఉన్నట్టు చూసింది. ఎదురుచూసినట్టు చూడమంటే గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నాలుగు బస్సులు వచ్చిపోయాయి గానీ ఒక్క షాటూ పనికొచ్చేలా రాలేదు. నాకు విసుగొచ్చి కారు నీడలో కూర్చున్నాను. బాషా మాత్రం కెమెరాను బస్టాండ్ పక్కనున్న చాయ్ హోటల్ వైపు తిప్పి, రమ్మని నాకు సైగ చేశాడు.

వ్యూఫైండర్‌లో చూశాను. హోటల్ పక్క రాయి మీద కూర్చుని ఒకామె గ్లాసులు కడుగుతోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె తలెత్తడం లేదు. ఒక బస్సు మలుపు తిరగ్గానే మాత్రం చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. దిగేవాళ్లందరినీ చివరి మనిషి దాకా చూసి, మళ్లీ గ్లాసు కడగడం మొదలుపెట్టింది. నేను బస్సు బోర్డు చూశాను. జహీరాబాద్ నుంచి వచ్చింది. బొంబాయి నుంచి వచ్చేవాళ్లు పెద్ద రోడ్డు మీద జహీరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆ బస్సు ఎక్కుతారని హోటల్ అతను తర్వాత చెప్పాడు.

హోటల్ నర్సింలుది. ఆమె అతని చెల్లెలు, పేరు తుల్జమ్మ. నేను విషయం చెప్పగానే నర్సింలు చాయ్ వడపోస్తూనే అడ్డంగా తలూపాడు.

"మా చెల్లె టీవీల కనవడుడేంది మేడం. రేపు నలుగురు నాలుగు తీర్లు అంటరు. గసొంటి పనులు మాకొద్దు" అన్నాడు.

అతనన్నది తప్పు కాదు. నేను ఇంకొకరిని చూసుకుంటానని లేవబోయాను. అప్పటిదాకా మాట్లాడని తుల్జమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"గిది బొంబాయిల గూడ కనవడ్తదా అక్క?" అని అడిగింది.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న చోట్ల కేబుల్‌లో మా ఛానెల్ వస్తుందని, కూలీలు తినే మెస్సుల్లో కూడా పెడుతున్నారని విన్నానని చెప్పాను. నర్సింలు చాయ్ గిన్నె దించేసి చెల్లెలి వైపు చూశాడు. తర్వాత ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు.

విషయం నాకు నర్సింలే చెప్పాడు. ఆమె భర్త పేరు కూడా అతనే చెప్పాడు, ఆమె నోట ఆ పేరు రాదు. విఠల్ బొంబాయిలో భవనాలకు సెంట్రింగ్ పని చేసేవాడు. ఏటా వానలకు ముందు వచ్చి విత్తనం వేసి, కోతలయ్యాక మళ్లీ పోయేవాడు. ఒక ఏడు అతను అక్కడ ఉండగా వాళ్ల రెండేళ్ల కొడుక్కు జ్వరం వచ్చింది.

"దవాఖానల ఏసినం. రెండు దినాలు కూడ ఉండలే మేడం పోరడు" అన్నాడు నర్సింలు. "బొంబాయికి కబురు పోయి ఆయన అచ్చెవరకు అంత అయిపోయింది. మట్టిల గూడ పెట్టినం. పది దినాలు అరుగు మీద కూసున్నడు. ఈమెతోని ఒక్క మాట అనలే. ఈమె గూడ ఏమనలే. పదొద్దులైనంక జహీరాబాద్ బస్సెక్కి పోయిండు. గదే పోవుడు."

మూడేళ్లయిందట. మొదట్లో ఎవరో ఒకరి చేత కబురు వచ్చేది, తర్వాత అదీ ఆగింది. అత్తగారింట్లో కొన్నాళ్లు చూసి, అన్న దగ్గరికి పొమ్మన్నారు. బతికి ఉన్నాడని మాత్రం బొంబాయి నుంచి వచ్చినవాళ్లు చెప్పేవారు, ఏ మేస్త్రీ కింద ఉన్నాడో తెలిసేది కాదు. బిడ్డ చనిపోయినందుకు తనను తప్పుపట్టి వెళ్లిపోయాడా, తన ముఖం చూడలేక వెళ్లిపోయాడా అన్నది తుల్జమ్మకు తెలియదు. తనకు ఆయన మీద కోపం లేదన్న మాట ఆయనకు చెప్పలేకపోయింది. ట్రైలర్లో మాట ఉండదని నేను ముందే చెప్పాను. ముఖం ఉంటుంది కదా, చాలు అంది.

ఇలాంటి షాట్‌కు నాకు ఆమె కట్టుకున్న వెలిసిన చీరే కావాలి. ఆమె ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లి, పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుని, తల దువ్వుకుని, పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకుని వచ్చింది. పేదరాలిలా కనిపించాలి తుల్జమ్మా అని నచ్చజెప్పబోయాను.

"నేను ఆగమైన అనుకుంటే ఆయన సిగ్గుకు రాడక్క" అంది. "మంచిగున్న అనుకోవాలె. ఇంట్ల అంత మంచిగున్నది, కోపం లేదు, ఇంటికి పోవచ్చు అని అనిపియ్యాలె."

అందులో ఆమె ఆలోచన ఎంత సరైనదో నాకు అప్పుడే అర్థమైంది. ఆమె మొగుడి మనసు ఆమెకు తెలిసినంతగా నాకెలా తెలుస్తుంది? ఆకుపచ్చ చీరతోనే తీయడానికి ఒప్పుకున్నాను. ఎండిన నేల షాట్ల తర్వాత ఆ పచ్చ చీర బాగా కనిపిస్తుందని బాషా కూడా అన్నాడు.

నటులు కానివాళ్లతో పనిచేసేటప్పుడు వాళ్ల చేత ఏదో చేయించాలని చూస్తే పాడైపోతుంది. వాళ్ల మనసులో ఉన్నదాన్నే అడగాలి. జహీరాబాద్ బస్సు వచ్చే వేళకు ఆమెను హోటల్ ముందు నిలబెట్టాం. కెమెరా దూరంగా, చాటుగా పెట్టాం. నేను పక్కన నిలబడి, ఆ బస్సులోంచి మీ ఆయన దిగాడనుకో అని మాత్రం అన్నాను.  బస్సు మలుపు తిరిగింది.

మొదట ఒక్కొక్క కిటికీనే చూసుకుంటూ పోయింది. తర్వాత తలుపు దగ్గర ఆమె చూపు ఆగింది. అక్కడ ఎవరున్నారని నేను వెనక్కి తిరగలేదు, ఆమెనే చూస్తున్నాను. పెద్దవాళ్ల ముందు కొత్త కోడళ్లు నవ్వు దాచుకోవడానికి పెదాలు బిగబడతారు చూడండి, అలా బిగబట్టింది. ఆగలేదు. నవ్వేసింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆ ముఖంలో మూడేళ్లు లేవు, చనిపోయిన బిడ్డ కూడా లేడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బాషా చాలాసేపు కెమెరా ఆపలేదు. బస్సు ఖాళీ అయ్యేదాకా ఆమె అలాగే చూసి, ఆ మంచి చీరతోనే వెళ్లి రాయి మీద కూర్చుని గ్లాసులు ముందుకు లాక్కుంది. రెండో టేక్ అడగలేదు. అవసరమూ లేదు.

హైదరాబాద్ వచ్చాక ఆ షాట్‌లోంచి మూడు సెకన్లు తీసుకున్నాను. ఇక్కడ అతుకు గురించి కొంచెం చెప్పాలి. ఒక మనిషి చూస్తున్నట్టు ఒక షాట్, ఆ వెంటనే ఇంకేదో షాట్ పెడితే, చూసేవాడు ఆ రెంటినీ తనే కలిపేసుకుంటాడు. ఈమె అతన్నే చూసింది అనుకుంటాడు. మొదటిది ఖేడ్‌లో తీశారా, రెండోది హైదరాబాద్ బంగళా పక్క సందులో తీశారా అని ఎవరికీ అనుమానం రాదు. మా పని అంతా ఈ నమ్మకం మీదే నడుస్తుంది. తుల్జమ్మ నవ్వు పక్కన పిల్లవాణ్ని ఎత్తుకున్న కథానాయకుణ్ని అతికించాను. నేను చేసిన మంచి అతుకుల్లో అదొకటి, ఈ మాట ఇప్పుడు కూడా అంటాను. చక్కటి సంసారం కళ్లముందు నిలబడింది. ప్రోగ్రామింగ్ హెడ్ రెండుసార్లు చూసి, ఈ అమ్మాయిని ఎక్కడ పట్టారు, సీరియల్లోకి తీసుకుంటే బాగుండేది అన్నారు.

ట్రైలర్ పడింది. ఖేడ్‌లో టీవీలు బాగుచేసే షాపులో కేబుల్ ఉండేది. తుల్జమ్మ అక్కడికి పోయి నిలబడి చూసేదని తర్వాత తెలిసింది. కొన్ని వారాల తర్వాత సీరియల్ మొదలైంది, పద్ధతి ప్రకారం ట్రైలర్ ఆపేశాం. ఆ వారంలోనే అన్నా చెల్లెళ్లిద్దరూ పొద్దున బస్సుకు హైదరాబాద్ వచ్చి మా ఆఫీసు గేటు దగ్గర కూర్చున్నారు. లోపలికి పిలిపించాను. నర్సింలు ఒక సంచిలో కందిపప్పు తెచ్చాడు. తుల్జమ్మ కుర్చీలో కూర్చోకుండా గోడ పక్కన నిలబడింది.

"ఇగ రాదంట గద అక్క" అంది. "గింకొన్ని దినాలు ఎయ్యరాదు? ఆయన చూసిండో లేదో. ఒక్కొక్క దినం పనికాడ పొద్దుపోతది, చూడకపాయె. ఇంకొన్ని దినాలైతే ఎన్నడన్న ఒక దినం పడ్తది గద కంట్ల."

సీరియల్ మొదలయ్యాక దాని మొదటి ట్రైలర్ వేయడం ఏ ఛానెల్లోనూ లేదు. కానీ ఫిల్లర్ అని ఒకటి ఉంటుంది. ఏదైనా కార్యక్రమం అనుకున్నదానికన్నా ముందే అయిపోతే, ఆ ఖాళీలో పూల తోటో, జలపాతమో, పాత ప్రోమోనో వేసి నింపుతారు. ఏ ఫిల్లర్ వేయాలన్నది నా చేతిలో ఉండే పని. నాకు ఆమెను ఉత్తచేతులతో పంపాలనిపించలేదు. ఆ రోజు నుంచి ఖాళీ వచ్చినప్పుడల్లా పూల తోట తీసేసి తుల్జమ్మ ఉన్న ట్రైలర్ పెట్టించాను. ముఖ్యంగా కూలీలు పని నుంచి వచ్చి అన్నాలు తినే సాయంత్రాల్లో. మా ఎడిటర్లు నవ్వుకున్నారు. ఇంకా ఇదేనా అని ప్రోగ్రామింగ్ హెడ్ ఒకసారి అడిగారు. ఈ ఆడమనిషి ఎవరని జనం అడుగుతున్నారు సార్, ఆసక్తి ఉంది అన్నాను. అది నిజమే కూడా. వానలు పడేదాకా అలా నడిపాను. తర్వాత కొత్త సీరియళ్లు వచ్చాయి, ఆ క్యాసెట్ కింది అరలోకి పోయింది.

మరుసటి ఏడు బీదర్ వైపు ఒక షూటింగ్ ముగించుకుని వస్తూ, కారును ఖేడ్ మీదుగా పోనిమ్మన్నాను. ఏడాదిగా కబురు లేదు. కబురు లేకపోతే మంచే జరిగి ఉంటుందని అనుకునే స్వభావం నాది. హోటల్ దగ్గర దిగాను. తుల్జమ్మ అదే రాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కొంగు దులిపి, బాగున్నవా అక్క అంది. నర్సింలు చాయ్ ఇచ్చాడు గానీ నా ముఖం చూడలేదు.

ఆయన చూశాడా అని నేనే అడిగాను.

"చూసిండు" అంది. 

వాళ్ల ఊరి రాజప్ప అనే అతను దసరాకు బొంబాయి నుంచి వచ్చి చెప్పాడట. ఆ ఏడే అతనూ విఠలూ ఒకే మేస్త్రీ కింద పనిచేశారు, ఒకే మెస్సులో తిన్నారు. ఒక సాయంత్రం టీవీలో ఆమె కనిపించగానే విఠల్ పళ్లెం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. మా ఇంటిది, మా ఇంటిది అని అందరినీ పిలిచి చూపించాడు. అందరూ తిరిగి చూసేసరికి టీవీలో ఒక మగమనిషి భుజం మీద పిల్లవాడితో నవ్వుతూ వస్తున్నాడు.

 మరునాటి నుంచి విఠల్ తినడానికి అందరికన్నా ముందు వచ్చి టీవీ ఎదురుగా కూర్చునేవాడు. సీరియల్ మొదలై ట్రైలర్ ఆగాక కొన్నాళ్లు తేలికపడ్డట్టు కనిపించాడు. వచ్చే ఉగాదికి ఊరికి పోదామా అని రాజప్పను అడిగాడు కూడా. ఆ తర్వాత ఒక సాయంత్రం అది మళ్లీ వచ్చింది. ఇక తరచూ వస్తూనే ఉంది. అది కథ రా, టీవీ వాళ్లు ఎవరినో ఎవరికో కలుపుతారు అని రాజప్ప ఎంతో చెప్పి చూశాడు.

"రాజప్ప గట్ల చెప్తె, ఆయన ఏమన్నడో ఎర్కేనా అక్క" అంది తుల్జమ్మ. "చీర మార్పిస్తరు, బొట్టు పెట్టిపిస్తరు, గవన్ని నాకెర్కనే అన్నడంట. గని గా నవ్వు యాక్టింగ్ గాదురా, గా నవ్వు నాకెరుక అన్నడంట. పెండ్లైన కొత్తల నేను పని నుంచి ఇంటికి అస్తుంటె గట్లనే నవ్వుతుండె అన్నడంట."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆమె చెప్పడం ఆపలేదు.

"మంచిగున్నది, పోరడు గూడ ఉన్నడు, గంతే సాలు అన్నడంట. మల్ల నాలుగు దినాలకు బిస్తరు కట్టుకొని పోయిండు. సూరత్ పోయిండని కొందరంటరు, ఇంకెటో అని కొందరంటరు. రాజప్పకు గూడ చెప్పలే."

ట్రైలర్‌ను ఆమె ఆ షాపు ముందు ఎన్నోసార్లు చూసింది కదా, ఎప్పుడూ అనుమానం రాలేదా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. 

"నేను నా మొకమే చూసుకున్న అక్క. మంచిగ కనవడ్తున్ననా లేదా అని. నా ఎన్కాల ఎవ్వలొచ్చిన్రో చూడలే."

అందులో నన్ను తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. నర్సింలు లోపల పొయ్యి ఊదుతున్నాడు. అంతలో జహీరాబాద్ బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. నేను అలవాటుగా ఆమె వైపు చూశాను. తుల్జమ్మ తలెత్తలేదు. గ్లాసులు కడుగుతూనే ఉంది. బస్సు ఖాళీ అయింది, కండక్టర్ దిగి చాయ్ అడిగాడు, ఆమె ఒక గ్లాసు తుడిచి అన్న చేతికి ఇచ్చింది. అంత దుఃఖం నేను నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

తర్వాత బొంబాయిలో మాకు తెలిసిన కేబుల్ వాళ్ల ద్వారా, సూరత్‌లో ఒక తెలుగు సంఘం ద్వారా వాకబు చేయించాను. దొరకలేదు. ఇంకోసారి ఖేడ్ పోయినప్పుడు, ఆమె ముఖం మళ్లీ ఒకసారి టీవీలో వేద్దామా, ఈసారి మాటతో వేద్దామా అని నర్సింలును అడిగాను. వద్దు మేడం అన్నాడు. చాయ్ డబ్బాలు సర్దుకున్నాడు.

హైదరాబాద్ వచ్చాక పాత క్యాసెట్ తీసి పూర్తి షాట్ చూశాను, మూడు సెకన్ల ముందూ వెనకా ఉన్నదంతా. తుల్జమ్మ నవ్వు ఉంది, కొంగు లాక్కోవడం ఉంది. ఆమె ఎటు చూసి నవ్విందో అది మాత్రం లేదు. బాషా కెమెరా అటు తిరగలేదు, నేను తిప్పమని చెప్పలేదు. నా పేపర్ ఎడిట్‌లో దాని అవసరం లేదు, ఆ చూపు పక్కన పెట్టడానికి నా దగ్గర వేరే షాట్ సిద్ధంగా ఉంది. ఆ నవ్వు ఎవరి కోసమో ఆ రోజు బస్టాండ్‌లో ఉన్న మాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ నవ్వును గుర్తుపట్టగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కడే, వాడు సరిగ్గానే గుర్తుపట్టాడు.

ఆ తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి పెట్టాను. నటులు కానివాళ్ల చూపు ఎక్కడైనా తీస్తే, వాళ్లు చూస్తున్నదాన్ని కూడా అక్కడే, అప్పుడే తీసుకురావాలి. ఎడిటింగ్‌లో ఆ చూపు పక్కన దాన్నే పెట్టాలి, వేరేది పెట్టకూడదు. కొత్తగా వచ్చిన ఎడిటర్లకు ఇది అర్థమయ్యేది కాదు. క్యాసెట్ దండగ, సమయం దండగ అని గొణిగేవారు. లక్షల మంది చూస్తారు మేడం, ఎవరు పట్టించుకుంటారు అనేవారు. లక్షల మంది గురించి కాదు, వాళ్లలో ఈ ముఖం తెలిసినవాడు ఒకడుంటాడు, వాడికి మనం ఏం చెబుతున్నామో చూసుకోండి అనేదాన్ని. నేను ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా ఆ పద్ధతి నడిచింది. దానివల్ల కొన్ని మంచి అతుకులు వదులుకోవలసి వచ్చింది, ట్రైలర్లు కొంచెం చప్పగా ఉన్నాయని పైవాళ్లు అన్నారు. అన్నా నేను మార్చలేదు.